హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో ఎన్ని గంటలు?



ముందుగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు మనసులో అనుకోండి. అమెరికాలో షికాగో ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో ఉంది. షికాగో దేశానికి నడుమ, కాస్త తూర్పుగా ఉంటుంది. శాన్ ఫ్రాన్సిస్కో పడమటి కొసన, పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున ఉంటుంది. ఈ రెండు ఊళ్ల మధ్య దాదాపు 3,000 కిలోమీటర్లు. మరి మన హైదరాబాద్ నుంచి చూస్తే ఏది దగ్గర, ఏది దూరం?

చాలామంది షికాగోయే బాగా దగ్గర అంటారు. యూరప్ మీదుగా వెళ్తే ముందు షికాగో వస్తుంది. ఆ తర్వాత అమెరికా సగం దాటితేగాని శాన్ ఫ్రాన్సిస్కో రాదు. కాబట్టి ఇంకో 3,000 కిలోమీటర్లు కలుపుకోవాలి అని లెక్క వేస్తారు. గోడ మీది పటం చూస్తే అలాగే అనిపిస్తుంది. నిజం వేరు. హైదరాబాద్ నుంచి షికాగో సుమారు 13,300 కిలోమీటర్లు. శాన్ ఫ్రాన్సిస్కో సుమారు 13,500 కిలోమీటర్లు. తేడా రెండు వందల పైచిలుకు. మనం హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లేంత కూడా లేదు.

మళ్లీ చెప్తాను. ఆ రెండు ఊళ్లూ ఒకదానికొకటి 3,000 కిలోమీటర్ల ఎడంగా ఉన్నాయి. మనకు మాత్రం రెండూ ఇంచుమించు ఒకే దూరం.

ఇవాళ ఈ కాసేపూ ఇలాంటి సంగతులే మాట్లాడుకుందాం. ఊరికీ ఊరికీ మధ్య దూరం ఒకటి. ప్రయాణానికి పట్టే కాలం మరొకటి. ఈ రెండూ కలిసి నడవవు. దూరం పెరిగినా ముందే చేరుకోవచ్చు. దూరం తగ్గినా ఆలస్యం కావచ్చు. మీ అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఉండి, మీరు వాళ్ల దగ్గరికి వెళ్లాలనుకుంటుంటే ఈ తేడా తెలిసి ఉండటం మంచిది. హైదరాబాద్, శాన్ ఫ్రాన్సిస్కో. ఈ రెండు ఊళ్లనే తీసుకుందాం. శాన్ ఫ్రాన్సిస్కో పక్కనే ఉన్న ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ హోసే పేర్లు ఇవాళ ఎన్ని తెలుగు ఇళ్లలో వినబడుతున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మొదట దూరం సంగతి.

గోడకు వేలాడే ప్రపంచ పటం చదునుగా ఉంటుంది. భూమి చదును కాదు. గుండ్రటి భూమిని కాగితం మీద పరిచినప్పుడు ఉత్తరాన ఉన్న దేశాలు అడ్డంగా సాగిపోయి కనిపిస్తాయి. అందుకే ఆ పటంలో స్కేలు పెట్టి గీసిన గీత దగ్గర దారి కాదు. అసలు దారి తెలియాలంటే గ్లోబు కావాలి. మీ ఊరి బడిలో తప్పకుండా ఒకటి ఉంటుంది. ఒక దారం ముక్క తీసుకోండి. ఒక కొసను హైదరాబాద్ మీద వేలితో నొక్కిపట్టండి. రెండో కొసను శాన్ ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం అటూ ఇటూ జారి, తనంతట తనే ఒక చోట కుదురుకుంటుంది. అదే అన్నిటికన్నా దగ్గర దారి.

ఆ దారం ఎటు పోతుందో చూడండి. తూర్పుకు పోదు. పడమరకూ పోదు. హైదరాబాద్ నుంచి దాదాపు తిన్నగా ఉత్తరానికి పోతుంది. నేపాల్ దగ్గర హిమాలయాలు దాటుతుంది. టిబెట్ దాటుతుంది. మంగోలియా అంచు తాకుతుంది. సైబీరియా అంతా దాటి ఆర్కిటిక్ సముద్రం ఒడ్డుకు చేరుతుంది. అక్కడి నుంచి కిందికి వంగి, అలాస్కా మీదుగా, పసిఫిక్ తీరం వెంబడి శాన్ ఫ్రాన్సిస్కో చేరుతుంది. అదే దారాన్ని షికాగో మీదికి జరపండి. అదీ ఉత్తరానికే పోతుంది. ఉత్తర ధ్రువానికి ఇంకాస్త దగ్గరగా పోతుంది. అందుకే రెండు ఊళ్లూ మనకు ఒకే దూరంలో పడ్డాయి. అమెరికా అంటే పడమటి దేశం అని మనం చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నాం. దారం మాత్రం ఉత్తరాన ఉందంటోంది.

ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్ల చేత చేయించండి. పుస్తకంలో పది పేజీలు చదివినా అర్థం కానిది ఆ దారం ముక్కతో ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

సరే, దారం దారి చూపించింది. మరి విమానం అదే దారిన పోతుందా? పోదు. మొదటి అడ్డు హిమాలయాల దగ్గరే ఎదురవుతుంది. పర్వతం ఎత్తు అడ్డు కాదు. విమానం 10, 11 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది, ఎవరెస్టు కూడా దానికి కిందే ఉంటుంది. అడ్డు మరోటి ఉంది.

అంత ఎత్తున బయటి గాలి పీల్చి మనిషి బతకలేడు. అందుకని విమానం లోపల గాలిని ఒత్తిడితో నింపి ఉంచుతారు. ఆ లోపలి గాలి కూడా మన ఊళ్లో ఉన్నంత చిక్కగా ఉండదు. సుమారుగా ఊటీలో ఉన్నంత పల్చగా ఉంటుంది. ఎప్పుడైనా ఆ ఒత్తిడి పోయిందనుకోండి, నెత్తి మీది అర తెరుచుకుని పసుపు రంగు మాస్కులు కిందికి వేలాడతాయి. ప్రయాణం మొదట్లో ఎయిర్‌హోస్టెస్ చేత్తో పట్టుకుని చూపిస్తుందే, అవే. ఆ మాస్కుల్లో ప్రాణవాయువు చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాలకు మించి రాదు. ఆలోగా పైలట్ విమానాన్ని 3 కిలోమీటర్ల ఎత్తుకు దించెయ్యాలి. అక్కడైతే మాస్కు లేకుండానే ఊపిరి ఆడుతుంది.

ఇప్పుడు టిబెట్ సంగతి చూడండి. అక్కడ నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంది. కొండలు కాదు, నేల. 3 కిలోమీటర్లకు దిగుదామంటే దిగే చోటే లేదు. అందుకే సుదూరం వెళ్లే విమానాలు ఎక్కువగా టిబెట్‌ను పక్కన పెట్టి చుట్టూ తిరిగి పోతాయి. దారం చూపిన దారి అన్నిటికన్నా దగ్గరదే. కానీ పైలట్‌కు దిగే చోటు కావాలి, అక్కడ అదే లేదు.

పైగా ఒకే విమానంలో హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో పోదామంటే అలాంటి సర్వీసు లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు ఆగకుండా వెళ్లే విమానం మొదలుపెట్టింది. కొంతకాలం నడిచి ఆగిపోయింది. కాబట్టి మనం దుబాయ్‌లోనో, దోహాలోనో, ఢిల్లీలోనో, యూరప్‌లోనో ఒకచోట దిగి ఇంకో విమానం ఎక్కాలి. దుబాయ్ మీదుగా వెళ్తే, 13,500 కిలోమీటర్ల దూరం కాస్తా 15,500 దాటుతుంది. ఇక్కడి నుంచి దుబాయ్‌కి 4 గంటలు. అక్కడి నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి 16 గంటలు, అటూ ఇటూగా. మొత్తం గాల్లో 20 గంటలు.

"అటూ ఇటూగా" అన్నాను. ఆ అటూ ఇటూ ఎక్కడి నుంచి వస్తుంది? గాలి నుంచి వస్తుంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

గోదావరిలో పడవ వాలుకు పోతే ఒక లెక్క, ఎదురు పోతే ఒక లెక్క. తెడ్డు వేసేవాడి బలం మారదు. నీరు మారుతుంది. ఆకాశంలోనూ అంతే. 10 కిలోమీటర్ల ఎత్తున, మనకు ఉత్తరంగా ఉన్న దేశాల మీద, గాలి పడమటి నుంచి తూర్పుకు ధారగా వీస్తూ ఉంటుంది. దీన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దీని జోరు మరీ ఎక్కువ. ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది.

ఈ గాలిని మొదట కొలిచినవాళ్లలో వసబురో ఓయిషి అనే జపాన్ శాస్త్రవేత్త ఒకరు. 1920లలో, తతెనో అనే ఊళ్లోని వాతావరణ కేంద్రంలో ఆయన పని. చిన్న చిన్న బెలూన్లను పైకి వదిలి, అవి ఎటు పోతున్నాయో కింది నుంచి దుర్భిణీతో చూసి రాసుకునేవారు. చలికాలంలో వదిలిన బెలూన్లు పైకి వెళ్లాక ఒక్కసారిగా తూర్పుకు కొట్టుకుపోయేవి. తను చూసింది ప్రపంచమంతా చదవాలని ఆయన ఎస్పరాంటో భాషలో నివేదిక రాశారు. పాపం, బయటి దేశాల్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇరవై ఏళ్లు తిరగకుండానే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్లు ఆ గాలికి ఎదురుపడినప్పుడు ముందుకు సాగడమే కష్టమైపోయింది. ఓయిషి బెలూన్లు ముందే చెప్పిన సంగతి అది.

ఒక చిన్న లెక్క చూద్దాం. విమానం తన శక్తితో గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకోండి. వెనక నుంచి గాలి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తోస్తే, నేల మీద లెక్క 1,000 అవుతుంది. అదే గాలి ఎదురైతే 800 అవుతుంది. 13,500 కిలోమీటర్ల ప్రయాణంలో ఈ రెండిటికీ తేడా మూడు గంటల పైమాటే. ఊళ్లు జరగలేదు. విమానమూ మారలేదు. గాలి మారింది, అంతే.

భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి విమానం గాల్లో ఊరికే నిలబడినా అమెరికాయే మన కిందికి వచ్చేస్తుంది కదా అని పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్న. భూమి తిరిగేటప్పుడు గాలిని కూడా తనతో తిప్పుకుంటుంది. విమానం ఆ గాలిలోనే ఉంది. కాబట్టి భూమి తిరగడం వల్ల మనకు తిన్నగా కలిసొచ్చేది ఏమీ లేదు. కలిసొచ్చేది గాలి ఒక్కటే.

గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఎయిర్ ఇండియా ఉదాహరణ ఒకటి ఉంది. మన దేశానిదే. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్లే విమానం 2016 అక్టోబరు దాకా పడమటి వైపుగా, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. సుమారు 13,900 కిలోమీటర్లు. గాలి ఎదురు. ఆ నెలలో ఒకరోజు దాన్ని తూర్పుకు తిప్పారు. పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో ఎంత దూరమో, దానికన్నా ఎక్కువ దూరం అదనంగా తిరిగిందన్నమాట. మరి ఎన్ని గంటల్లో చేరింది? పద్నాలుగున్నర గంటల్లో. పాత దారికన్నా సుమారు రెండు గంటలు ముందు.

మరొక్కసారి వినండి. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది. కాలం సుమారు రెండు గంటలు తగ్గింది. గాలిని వెంటబెట్టుకుని వెళ్లినందుకు దక్కిన ఫలితం ఇది. 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి, తుపాను గాలి వెనక నుంచి తోస్తుంటే, 5 గంటల లోపే చేరింది. మామూలుగా అది ఆరు, ఆరున్నర గంటల ప్రయాణం.

గాలి ప్రకృతి ఇష్టం. ఇంకోటి ఉంది, అది మనుషుల ఇష్టం. ఆకాశానికి కూడా సరిహద్దులు ఉన్నాయి. దేశాలు తగువు పడితే ముందు మూసుకుపోయేది ఆకాశమే.

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకి ఫిన్‌ఎయిర్ విమానం రష్యా మీదుగా సుమారు తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లేది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. రష్యా తన ఆకాశాన్ని యూరప్ విమానాలకు మూసేసింది. ఇప్పుడు అదే ప్రయాణం 13 గంటలు. కొన్ని విమానాలు ఉత్తర ధ్రువం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాయి. హెల్సింకి, టోక్యో ఉన్న చోటే ఉన్నాయి. వాటి మధ్య దూరం మాత్రం మూడు గంటలకు పైగా పెరిగింది. దగ్గరలోనూ అదే జరిగింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికాకు వెళ్లే విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగాయి. కొన్ని ఇంధనం కోసం మధ్యలో వియన్నాలో దిగాల్సి వచ్చింది. ప్రయాణికులకు తెలిసిందల్లా ఇంకో రెండు మూడు గంటలు కుర్చీలో కూర్చోవడం. దాని వెనక రెండు దేశాల వైరం ఉంది.

దారి తెరిచి ఉంటే సరిపోదు. ఆ దారిలో అవసరమైతే దిగడానికి విమానాశ్రయం కూడా ఉండాలి. ఇవాళ్టి పెద్ద విమానాలు చాలావరకు రెండింజన్లవి. ఒక ఇంజను ఆగిపోతే, మిగిలిన ఇంజనుతో ఇన్ని నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలని నియమం ఉంది. దారి గీసేటప్పుడే ఆ ఊళ్లు చూసుకుంటారు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానానికి ఒక ఇంజనులో ఇబ్బంది వచ్చింది. రష్యాకు తూర్పు కొసన మగదాన్ అనే ఊళ్లో క్షేమంగా దించారు. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. మగదాన్ చిన్న ఊరు. అంతమందికి హోటల్ గదులు ఎక్కడ దొరుకుతాయి? కొందరిని బడిలో పెట్టారు. తరగతి గదిలో, నేల మీద వరసగా పరుపులు పరిచారు. అందులో పెద్దవాళ్లున్నారు, పసిపిల్లలున్నారు. భాష తెలియదు. బ్యాగులు విమానంలోనే ఉండిపోయాయి. రెండు రోజులకు మన దేశం నుంచి ఇంకో విమానం వెళ్లి వాళ్లను శాన్ ఫ్రాన్సిస్కో చేర్చింది. ఆ కష్టం నిజమే. కానీ దారి గీసినవాళ్లు మగదాన్ లాంటి ఊరిని ముందే చూసి పెట్టుకున్నారు కాబట్టే అంతమందీ క్షేమంగా నేల మీదికి దిగారని మనం మరవకూడదు.

అలాంటి దారుల్లో కష్టమైనది ధ్రువం దారి. 2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా ఆగకుండా వచ్చింది, ఉత్తర ధ్రువం మీదుగా. కాక్‌పిట్‌లో నలుగురూ మహిళలే. జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరే, శివానీ మన్హాస్. సుమారు 17 గంటలు నడిపారు. బయట అంత చలిలో రెక్కల్లోని ఇంధనం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. పైలట్లు ఇంధనం ఎంత చల్లబడిందో కనిపెట్టుకుని ఉండాలి. మరీ చల్లబడితే విమానాన్ని కాస్త వెచ్చటి గాలిలోకి దించాలి. 17 గంటలూ ఆ కాపలా తప్పదు. ఆ నలుగురి పేర్లూ మన ఆడపిల్లలకు తెలియాలని నా కోరిక. అందుకే పేర్లతో సహా చెప్పాను.

ఆ ప్రయాణంలోనే ఇంకో విశేషం ఉంది. ఆ విమానం శాన్ ఫ్రాన్సిస్కోలో శనివారం రాత్రి బయల్దేరింది. బెంగళూరులో సోమవారం తెల్లవారకముందే దిగింది. గడిచింది 17 గంటలే. మరి ఆదివారం ఏమైంది? అంతా ఆకాశంలోనే గడిచిపోయింది.

ఇక్కడే పెద్దవాళ్లు తికమక పడతారు. నెమ్మదిగా చెప్తాను. కాలిఫోర్నియా గడియారం మనకన్నా వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. వేసవిలో ఒక ఆదివారం పొద్దున 10 గంటలకు మీరు హైదరాబాద్‌లో విమానం ఎక్కారనుకోండి. దుబాయ్‌లో చాలా తక్కువసేపు ఆగారని, మొత్తం 22 గంటలే పట్టిందని అనుకుందాం. మన లెక్కన సోమవారం పొద్దున 8 గంటలు. అక్కడ మాత్రం ఇంకా ఆదివారం రాత్రి ఏడున్నరే. టికెట్ మీద చూస్తే తొమ్మిదిన్నర గంటల ప్రయాణంలా ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే 22 గంటలు టికెట్ మీద ముప్పై నాలుగున్నర గంటలుగా కనిపిస్తాయి. రెండూ నిజం కాదు. 22 గంటలే నిజం. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి ప్రయాణ కాలం లెక్క కట్టకూడదు.

ఈ తికమక ఇప్పటిది కాదు. మాజెల్లాన్ నౌకాయాత్రలో మిగిలినవాళ్లు 1522లో భూమి చుట్టి వస్తూ కేప్ వెర్డ్ దీవుల్లో ఆగారు. రోజూ తప్పకుండా దినచర్య రాసుకున్న పిగఫెట్టా లెక్కలో అది బుధవారం. ఒడ్డున ఉన్నవాళ్లు గురువారం అన్నారు. ఆయన లెక్క తప్పలేదు. పడమటికి తిరిగి తిరిగి ఒక రోజు పోగొట్టుకున్నారు. మనం ఇప్పుడు పసిఫిక్‌లో అంతర్జాతీయ దినరేఖ దాటినప్పుడు తేదీ మార్చుకునేది అందుకే.

తేదీ సంగతి కుర్రాళ్లకు సరదా. షుగర్‌కో బీపీకో మాత్రలు వేసుకునేవారికి సరదా కాదు. "పొద్దున్న మాత్ర" ఎప్పుడు వేసుకోవాలి? ఏ ఊరి పొద్దున్న? ఈ ప్రశ్న విమానం ఎక్కాక కాదు, వారం ముందే మీ డాక్టరును అడగండి. గంటల లెక్కన ఆయన చేత ఒక కాగితం మీద రాయించుకోండి. మాత్రలు, ఇన్సులిన్ చేతి సంచీలోనే పెట్టుకోండి. కింద లగేజీలో వేసిన ఇన్సులిన్ చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు.

ఇన్ని గంటలా అని బరువనిపిస్తే, ఓడ ప్రయాణాల నాటి మాట ఒకటి గుర్తుచేసుకోవాలి. భీమవరంలో పుట్టిన యువకుడొకరు 1920ల మొదట్లో ఓడెక్కి, లండన్ మీదుగా, బోస్టన్ చేరారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. వైద్యశాస్త్రంలో ఎంతటి పనులు చేశారో మీకు తెలుసు. మళ్లీ మన దేశానికి రాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. దానికి రెండు నెలల ముందే, జూన్ 8న, ఎయిర్ ఇండియా తొలి విదేశీ విమానం "మలబార్ ప్రిన్సెస్" బొంబాయి నుంచి లండన్‌కు ఎగిరింది. కైరోలో, జెనీవాలో ఆగుతూ, 35 మంది ప్రయాణికులతో. ఒక తరం ముందు అది ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? ఈ 20 గంటలను మనం బరువనుకుంటాం. ఆ తరం వాళ్లకు ఇది ఊహకు కూడా అందని వరం.

ఇక అసలు లెక్కకు వద్దాం. ప్రయాణ కాలం అంటే విమానం గాల్లో ఉన్న కాలం కాదు. ఇంటి గడప నుంచి గడప దాకా.

గుంటూరులో ఉన్న ఒక తల్లిని ఊహించుకోండి. ఫ్రీమాంట్‌లో కూతురి దగ్గరికి వెళ్తోంది. గుంటూరు నుంచి శంషాబాద్ కారులో అయిదారు గంటలు. విమానాశ్రయంలో మూడు గంటల ముందుండాలి. ఆవకాయ జాడీ మూత మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీద గుడ్డ చుట్టి, పెట్టె మళ్లీ తూకం వేసి, ఒక కిలో ఎక్కువైతే చీర తీసి చేతి సంచీలో పెట్టి, ఇదంతా ఆ మూడు గంటల్లోనే. తర్వాత 4 గంటలు దుబాయ్‌కి. అక్కడ ఇంకో 4 గంటల ఎదురుచూపు. తర్వాత 16 గంటలు. దిగాక ఇమిగ్రేషన్ లైను, పెట్టెల కోసం ఎదురుచూపు, 2 గంటలు. కారులో ఇంకో గంట. మొత్తం కలిపితే తక్కువలో తక్కువ 35 గంటలు. ఒకటిన్నర రోజు. అందులో గాల్లో ఉన్నది 20 గంటలే. మిగతా 15 గంటలు నేల మీదే. ఆ తల్లి అలిసిపోయేది ఎక్కువగా ఆ నేల మీది గంటల్లోనే.

అందుకే టికెట్లు తీసే పిల్లలకు ఒక విన్నపం. ఫోనులో అన్నిటికన్నా తక్కువ గంటలు చూపించిన టికెట్‌ను కొనెయ్యకండి. గంటా పావు విరామంలో ఇంకో విమానం పట్టుకోవడం మీకు సాధ్యమే. అరవై అయిదేళ్ల అమ్మకు కాదు. దుబాయ్‌ విమానాశ్రయంలో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి రైలెక్కాల్సి రావచ్చు. మళ్లీ సెక్యూరిటీ లైనులో నిలబడాలి. మధ్యలో కనీసం మూడు గంటలు ఉండేలా చూడండి. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఇంకో విమానం ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్స్‌ది. రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఆ బాధ్యత ఎవరిదీ కాదు. అమెరికాలోనే విమానం మారాల్సి ఉంటే, మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలని వాళ్లకు ముందే చెప్పండి. వీల్‌చైర్ టికెట్ కొనేటప్పుడే అడగండి. నడవగలిగినా సరే అడగండి. వీల్‌చైర్ తోసే మనిషి దారి చూపించే మనిషి కూడా.

పెద్దవాళ్లకు ఒక మాట. 16 గంటలు కదలకుండా కూర్చోకండి. అంతసేపు కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రెండు గంటలకోసారి లేచి నడవండి. బాత్‌రూముకు వెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లు మానెయ్యకండి. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, నోరు ఎండిపోతుంది. మొహమాటపడకుండా అడిగి తాగండి. గుండె జబ్బు గానీ, ఊపిరితిత్తుల ఇబ్బంది గానీ ఉంటే, ఊటీలో ఉన్నంత పల్చటి గాలిలో అన్ని గంటలు ఉండాలని డాక్టరుకు చెప్పి, ఆయన సరే అన్నాకే టికెట్ కొనండి.

ఈసారి మీ పిల్లలు ఫోను చేసి "అమ్మా, టికెట్ బుక్ చేస్తున్నా" అన్నప్పుడు ఎన్ని కిలోమీటర్లని అడగకండి. టికెట్ ఎంతని కూడా ముందు అడగకండి. మన గడప నుంచి మీ గడపకు ఎన్ని గంటలు, మధ్యలో ఎక్కడ దిగాలి, అక్కడ ఎంతసేపు ఆగాలి, ఈ మూడూ అడగండి. జవాబు కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. క్షేమంగా వెళ్లి రండి.